శ్రీశైలం దారిలో మూట బరువు

మొన్న చైత్ర పున్నమికి నాలుగు రోజుల ముందు ఉప్పుగూడ పిల్లగాడొకడు మా కొట్టుకు బ్యాగు తెచ్చాడు. వీపుకు తగిలించుకునే రకం. నేల మీద నిలబెడితే నా నడుం దాకా వచ్చింది. ఎడమ భుజం పట్టీ మొదలంటా పీక్కొచ్చింది. తిరగేసి చూశాను. దారం తెగలేదు, గుడ్డ చిరిగింది. దారం తెగితే కుట్టినవాడిది తప్పు. గుడ్డ చిరిగితే మోసినవాడిది.

"ఏమేసినవ్‌రా ఇండ్ల?"

"సలేశ్వరం పోతున్నం కాకా. ఒక్క రాత్రే."

పక్కన పాత ఇనుప సామాన్ల కొట్టులో కొక్కెం కాటా ఉంది. దానికి తగిలించి చూస్తే 13 కిలోల మీద చిల్లర. కుట్టాలంటే సంచి ఖాళీ కావాలి కదా, ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టించాను. మడత డేరా, చుట్ట చుట్టిన స్పాంజి పరుపు, రెండేసి లీటర్ల నీళ్ళ సీసాలు రెండు, చిన్న గ్యాసు పొయ్యి, నూడుల్స్ పొట్లాలు, ఫోనుకు చార్జింగు ఎక్కించే డబ్బాలు రెండు, పాటల డబ్బా ఒకటి, ఏప్రిల్ నెలలో వానకోటు. సలేశ్వరం జాతర జరిగేది నల్లమలలో. పులులున్న ఆ అడవిలో పొయ్యి పెట్టనివ్వరని చెప్పాను. డేరా కూడా వేయనివ్వరన్నాను. "మన్ననూర్ల పండుతం కాకా, పొద్దుగాల అడవిలకు పోతం" అన్నాడు. మన్ననూరులో పండడానికి డేరా ఎందుకని అడగలేదు. గిరాకీతో ఎక్కువ మాట్లాడితే నష్టం మనదే.

నేను ఛత్రినాకలో నలభై ఏళ్ళుగా సంచులు కుడుతున్నాను, బాగుచేస్తున్నాను. అంతకుముందు ఇదే కొట్టులో మా నాయిన హోల్డాళ్ళు కుట్టాడు. ట్రంకుపెట్టెలకు గుడ్డ తొడుగులు, బడిపిల్లలకు కాన్వాసు సంచులు కుట్టాడు. మా ఇద్దరి చేతుల్లోంచి పోయిన సంచుల్ని వరసగా పేర్చుకుంటే ఊళ్ళో జనం ఎట్లా ప్రయాణం చేశారో తెలిసిపోతుంది. ఆ పిల్లగాడి సామాను బల్ల మీద చూసినప్పటి నుంచి నాకు మా నాయినమ్మ మూట గుర్తుకొస్తోంది. ఆమె కూడా ఎండల్లోనే, అదే నల్లమలలో, రాత్రుళ్ళు అడవిలో పండుకుంటూ నడిచింది. ఆమె మూటను ఎవరూ కాటాకు తగిలించలేదు గానీ, లోపలేముందో మా నాయిన వరసగా చెప్పేవాడు. నేను లెక్కవేసుకుంటే నాలుగు కిలోలకు మించదు.

అది 1955. ఆంధ్రప్రదేశ్ ఏర్పడడానికి ముందు ఏడాది. మాది హైదరాబాద్ రాష్ట్రం, కర్నూలేమో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. నాయినమ్మ, పదిహేనేళ్ళ మా నాయిన, మా గల్లీ ఆడవాళ్ళు అయిదుగురు ఉగాదికి శ్రీశైలం బయలుదేరారు. కాచిగూడలో మీటర్ గేజి బండెక్కి కర్నూలులో దిగారు. అక్కడి నుంచి ఆత్మకూరు దాకా ఏది దొరికితే అది. ఆత్మకూరు నుంచి కాళ్ళే.

మూటలో ఒక చీర, ఒక దుప్పటి. సత్తుపిండి, బెల్లం, ఎండబెట్టిన జొన్నరొట్టెలు, ఎల్లిగడ్డ కారం. పాదాలకు రాసుకోను ఆముదం బుడ్డి, పసుపు కొమ్ములు. అగ్గిపెట్టె. ఇవన్నీ దుప్పట్లోనే వేసి నాలుగు చెరగులూ కలిపి ముడేసింది. మూటకు బయట ఒక రాగి చెంబు, దాని మెడకు చుట్టిన నూలు చేంతాడు. ఆ తాడే ముఖ్యమని మా నాయిన ఎప్పుడూ అనేవాడు. ఏడుగురి మధ్య చెంబులు ఏడు, తాడు ఒకటే. దాన్ని మోసినామెకు బావి దగ్గర ముందు నీళ్ళు.

వాళ్ళు నీళ్ళు మోయలేదు. నీళ్ళు తోడే తాడు మోశారు. ఆ పిల్లగాడి సంచిలో నీళ్ళే నాలుగు కిలోలున్నాయి. మా నాయినమ్మ మూట మొత్తం అంత.

ఇందులో నాయినమ్మ గొప్పతనం ఏమీ లేదు. ఆమె మూట చిన్నదిగా ఉండడానికి వెనక ఆరేడు వందల ఏళ్ళ పని ఉంది.

శ్రీశైలాన్ని పాతవాళ్ళు పర్వతం అనేవాళ్ళు. పేరు చెప్పక్కర్లేదు, పర్వతం అంటే అదే. 1794లో అక్కడికి పోయిన కాలిన్ మెకంజీ అనే స్కాట్లండ్ కెప్టెను తన రాతలో ఆ మాటనే ఊరి పేరుగా ఎక్కించుకున్నాడు. ఆయనకు అయిదు వందల ఏళ్ళ ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణమని ఒక భాగానికి భాగమే రాశాడు. శివరాత్రికి పర్వతం పోయే జనం గుంపులు గుంపులుగా ఎట్లా నడిచేవాళ్ళో అందులో ఉంది. వాళ్ళు పాడుకునే పాటల్లో రకాలు చెబుతూ తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, పర్వత పదాలు అని పేర్లు లెక్కపెడతాడు. పర్వతం నడకకంటూ ఒక పాటల తీరే ఉండేదంటే ఆ దారిలో ఎంత జనం నడిచి ఉండాలి! పాట బరువు లేని సామాను. పిల్లగాడి పాటల డబ్బా మాత్రం ముప్పావు కిలో.

జనం నడిస్తే దారి పడుతుంది. దారి పడ్డాక దాన్ని నిలబెట్టుకోవడం వేరే పని, డబ్బు పని. 14వ శతాబ్దంలో కొండవీటి రాజ్యాన్ని నిలబెట్టిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించాడు. 1393లో విజయనగరం హరిహరరాయల రాణి విఠలాంబ గుడి దగ్గర నుంచి కృష్ణలోకి, పాతాళగంగకు మెట్లు వేయించింది. రాజులు గోపురాలు కట్టిస్తే శాసనాలేసుకుంటారు, అది మామూలే. మెట్లకు కూడా వేసుకున్నారంటే మెట్టు విలువ తెలిసినవాళ్ళన్నమాట. మెట్టు ఉన్నచోట మోకాలికి బరువు తగ్గుతుంది. వీపు మీద పది కిలోలున్నవాడికి జానెడు మెట్టుకూ మూరెడు బండకూ ఉన్న తేడా ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

ఆత్మకూరు దారి ఇట్లా పోతుంది. వెంకటాపురం దాటితే అడవి. మొదటి మజిలీ నాగలూటి, అక్కడ వీరభద్రుడి గుడి. అక్కడి నుంచి రాతిమెట్ల మీద ఎక్కుడు. పైన పెద్దచెరువు. తర్వాత భీమునికొలను, అదొక లోయ. దిగడం ఎంత నిలువో మళ్ళీ ఎక్కడం అంత నిలువు. ఎక్కితే కైలాసద్వారం. అక్కడ నిలబడితే ఇక పర్వతం వచ్చేసినట్టే, హాటకేశ్వరం మీదుగా ఊళ్ళోకి పోవడమే. ఈ పేర్లను నీళ్ళ లెక్కన చదవండి. చెరువు, కొలను. మజిలీలు దూరాన్ని బట్టి పెట్టినవి కావు, నీళ్ళను బట్టి పెట్టినవి. గుడి ఉన్నచోట నీళ్ళున్నాయా, నీళ్ళున్నచోట గుడి కట్టారా అంటే, నా మటుకు నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

ఈ దారిని ఎండల్లో నడిచి, చూసింది చూసినట్టు రాసిన మనిషి ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ దాకా పోయి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ఆయన పోయాక 1838లో కాశీయాత్ర చరిత్ర అచ్చయింది. తిరుపతి, కడప, అహోబిలం, తర్వాత శ్రీశైలం, ఆ తర్వాత కృష్ణ దాటి మా హైదరాబాద్. నడిచింది అంటున్నాను గానీ ఆయనకు పల్లకీ ఉంది, మోసే బోయీలున్నారు, పరివారం ఉంది. ఆయన వీపు మీద చెంబు కూడా లేదు. అయినా ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ బస దొరుకుతుంది, ఎక్కడ సరుకులు దొరకవు, దారి ఎక్కడ రాళ్ళు, ఎక్కడ ఇసుక అన్నదే పుస్తకం నిండా. తనకోసం రాసుకున్నవి కావవి. వెనక వచ్చేవాళ్ళ మూట తేలిక కావడానికి రాసినవి. ఫలానా చోట బియ్యం దొరుకుతాయని తెలిస్తే బియ్యం మోయక్కర్లేదు కదా.

ఆ రోజుల్లో పర్వతం కందనూరు నవాబు కింద ఉండేది. యాత్రికుల దగ్గర సుంకం తీసుకునేవాళ్ళు. తీసుకున్నదాంట్లో దారికి ఎంత పెట్టారన్నది వేరే మాట. మా ఛత్రినాక పేరులోనూ నాకా ఉంది, అంటే రాకపోకల్ని ఆపి చూసే చోటు. నాకా ఉన్నచోట పుట్టినవాడిని, సుంకం గురించి నాకు కొత్తగా ఆశ్చర్యం ఏమీ లేదు.

నిజంగా దారిని కాచింది చెంచులు. యాత్రికుల్ని అడవి దాటించేదీ, డోలీలు మోసేదీ, దొంగల భయం లేకుండా చూసేదీ వాళ్ళే. అందుకు తలకింతని వాళ్ళకు ముట్టజెప్పడం ఆచారం. మల్లన్న వాళ్ళకు చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. అల్లుడిని చూడడానికి పోతున్నవాళ్ళు వాళ్ళకు చుట్టాలే, చుట్టాలైనా దారి ఖర్చు దారి ఖర్చే. మా నాయినమ్మ వాళ్ళ గుంపు కూడా నాగలూటి దగ్గర ఒక చెంచు పెద్దమనిషికి ఇన్ని పైసలు, కొంత బెల్లం ఇచ్చి వెంట పెట్టుకుందట. ఆయన దగ్గర ఏముంది అని మా నాయినను అడిగాను. విల్లు, భుజాన గొడ్డలి, సొరకాయ బుర్రలో నీళ్ళు. సొరకాయ బుర్ర ఎండితే అట్ట ముక్కంత బరువు. నీళ్ళు మోయడానికి అంతకన్నా తేలికైన పాత్ర ఈ నలభై ఏళ్ళలో నా చేతికి రాలేదు.

సంచులవాణ్ణి కనుక ఇక్కడ కాస్త కావడి గురించి చెప్పుకోవాలి. బరువు మోయడానికి మనవాళ్ళకు మూడే చోట్లు: తల, భుజం, నడుం. వీపు కాదు. వీపు మీద మోసింది గోనెలు దించే హమాలీ. తల మీదికి చుట్టకుదురు ఉంది. ఆషాఢంలో లాల్ దర్వాజా అమ్మవారికి మా గల్లీ ఆడవాళ్ళు బోనం ఎత్తుకు పోయేటప్పుడు చూడండి, మెడ నిటారుగా ఉంటుంది, నడుం మీదనే నడక. బరువు నేరుగా వెన్నులోంచి కాళ్ళలోకి దిగుతుంది. భుజానికి కావడి. వెదురు బద్దకు రెండు కొసలా ఉట్లు. కావడిలో కిటుకంతా ఆ వెదురు ఊగడంలో ఉంది. అడుగు వేసినప్పుడు బద్ద కిందికి వంగి, మళ్ళీ లేచేటప్పుడు భుజం మీద బరువు ఒక్క క్షణం తేలిపోతుంది. ఆ క్షణంలో రెండో అడుగు వేయాలి. అందుకే కావడివాడు నడవడు, చిన్న పరుగు తీస్తాడు. ఆపితే బరువెక్కువ.

వీపు సంచిలో కూడా ఇదే సమస్య. భుజాల మీద వేలాడే బరువు మనిషిని వెనక్కి గుంజుతుంది, వాడు ముందుకు వంగుతాడు. దీన్ని విప్పినవాడు అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన డిక్ కెల్టీ. 1952 నుంచి అల్యూమినియం చట్రానికి సంచి బిగించి, నడుముకు పట్టీ పెట్టి అమ్మాడు. బరువు భుజాల మీంచి తుంటి మీదికి దిగింది. బిందెను నడుమున పెట్టుకునే ఆడవాళ్ళకు ఇది ముందే తెలుసు. ఇప్పుడొచ్చే పెద్ద సంచులన్నిటికీ నడుం పట్టీ ఉంటుంది. మా పిల్లగాడి సంచికీ ఉంది, కొన్ననాడు వేసిన ప్లాస్టిక్ కవరుతో సహా. దాన్ని ఒక్కసారి కూడా బిగించినట్టు లేదు. అందుకే భుజం పట్టీ చిరిగింది.

ఆ కెల్టీ కాలంలోనే, మా నాయినమ్మ పర్వతం పోయిన 1955లోనే, అమెరికాలో ఇంకో నాయినమ్మ నడిచింది. ఎమ్మా గేట్‌వుడ్, ఓహాయో రాష్ట్రం, 67 ఏళ్ళు, పదకొండు మంది పిల్లల తల్లి. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు అప్పలేచియన్ కొండదారిని ఒక్క సీజనులో ఒంటరిగా, ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటిన మొదటి ఆడమనిషి. ఆమె గురించి నాకు చెప్పింది సంచి బాగుచేయించుకోను వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి. ఫోనులో ఫొటో చూపించింది. నా కళ్ళు మనిషి మీదికి పోకముందే సంచి మీదికి పోయాయి. జీన్స్ గుడ్డతో ఆమే కుట్టుకున్న సంచి, ఒక భుజాన వేసుకునేది. నడుం పట్టీ లేదు, చట్రం లేదు. లోపల దుప్పటి, వానకు స్నానాల గదిలో కట్టుకునే ప్లాస్టిక్ తెర, కాళ్ళకు మామూలు కాన్వాసు బూట్లు. బరువు తొమ్మిది కిలోలకు లోపే.

కుట్టుపని మీద నాకేమీ వంక లేదు, అంచులు బాగా మడిచింది. నాకు పట్టింది ఇంకోటి. ఆ దారిని పత్రికలో చదివి, అడుగడుక్కూ పడుకోను చావిళ్ళుంటాయని, నడక సులువని అనుకుని బయలుదేరిందట. పోయి చూస్తే చాలా చోట్ల దారి పాడైపోయి ఉంది, చావిళ్ళు కొన్ని కూలిపోయి ఉన్నాయి. ఆ సంగతి అడిగినవాళ్ళందరికీ గట్టిగానే చెప్పింది. అయినా నడక ఆగలేదు. దారి మోయనిచోట దారిపక్క ఇళ్ళవాళ్ళు తలుపు తీశారు, అన్నం పెట్టారు, పడుకోనిచ్చారు. ఆమె సంచి తేలికగా ఉండడానికి ఆ ఇళ్ళే కారణమని నేననుకుంటాను. చిన్న మూటవాడు ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఆధారపడి ఉంటాడు. అది చిన్నతనం కాదు, అయితే ఆ ఎవరో ఒకరు ఉండాలి.

ఇదంతా పుస్తకాల్లోంచీ నాయిన నోటి నుంచీ తెలిసిందే తప్ప, ఆ దారి నా కాళ్ళకు తెలియదు. 2019లో ఉగాది ఏప్రిల్ 6న వచ్చింది. మూడు రోజుల ముందు నేనూ మా వీధి మేస్త్రీ ఒకాయనా బయలుదేరాం. ఆయన అత్తగారిది రాయచూరు వైపు, కన్నడం వచ్చు. నేను నా కోసం ఒక జోలె కుట్టుకున్నాను, జంగమయ్యలు వేసుకునే తీరున, పాత కాన్వాసుతో, వెడల్పు నవారు పట్టీతో. లోపల దుప్పటి, తువ్వాలు, అటుకులు, బెల్లం, లీటరు సీసా, నా పనిముట్లు. పనిముట్లంటే రెండు దబ్బనాలు, మైనం పట్టించిన దారం ఉండ, చిన్న కత్తెర. అవెందుకు వేసుకున్నానో తెలియదు, చేతి అలవాటు.

వెంకటాపురం దగ్గర అడవిలోకి అడుగుపెట్టేసరికి దారంతా కన్నడవాళ్ళు. బాగల్‌కోట, విజయపుర, బెళగావి జిల్లాల నుంచి వందల కిలోమీటర్లు ఎండలో నడిచొచ్చినవాళ్ళు. వాళ్ళకు భ్రమరాంబ ఇంటి ఆడబిడ్డ. ఉగాదికి ఆడబిడ్డ ఇంటికి చీర, సారె తీసుకుపోతారు. కొందరు కర్రకాళ్ళ మీద నడుస్తున్నారు, మొక్కు. కొందరి భుజాన కంబి, అంటే మల్లయ్య కావడి. కావడి చచ్చిపోయిందని నేను అనుకుంటున్న రోజులవి. అక్కడ నా పక్కనే ఊగుతూ పోయింది. మనం సద్ది అనేదాన్ని వాళ్ళు బుత్తి అంటారు. జొన్నరొట్టె కరకరలాడేదాకా ఎండబెట్టి గుడ్డలో కడతారు, పల్లీల కారం వేరే. 1955 నాటి మా మూట ఇంకా ఆ దారిలోనే ఉంది, మనిషి మాత్రం మారాడు.

నాగలూటి మెట్లెక్కి పెద్దచెరువు చేరేసరికి పొద్దుగూకింది. ఉగాది ముందు రోజులు కనుక చంద్రుడు లేడు. సలేశ్వరం పున్నమి నడక, పర్వతం అమావాస్య నడక, శివరాత్రైనా ఉగాదైనా అంతే. పందిళ్ళ కింద చిన్న దీపాలు, మిగతా అడవంతా నలుపు. ఎవరో సాంబారన్నం పెట్టారు, ఆకులో వేడివేడిగా. నేల ఇంకా పగటి వేడిని విడవలేదు, దుప్పటి కింద వేసుకోవాలా, పైన కప్పుకోవాలా అన్నది తెల్లవారుజాము దాకా తేలలేదు.

పక్కన ఒకామె సంచి పట్టీ తెగింది. ముడేసుకుంటోంది, నిలవడం లేదు. నేను దబ్బనం తీశాను. అంతే. అది కుట్టి ఇచ్చేసరికి ఇంకొకటి వచ్చింది. చెప్పుల పట్టీలు, జోలెలు, కంబికి కట్టిన ఉట్టి ఒకటి. ఎవరో సెల్లు లైటు పట్టుకున్నారు. రాత్రి ఒంటిగంట దాకా కుట్టాను. పైసలిస్తే తీసుకోలేదు, రొట్టెలిస్తే తీసుకున్నాను. పొద్దున లేచేసరికి నా జోలె వచ్చినప్పటికన్నా బరువుగా ఉంది. మేస్త్రీ నవ్వాడు. భీమునికొలను దిగి, ఎక్కి, కైలాసద్వారం దగ్గర కూలబడేసరికి ఆ రొట్టెలన్నీ అయిపోయాయి.

మా హైదరాబాద్ వైపు నుంచి ఇంత నడక ఎందుకు మిగల్లేదన్నది నన్ను తరచు తొలిచే ప్రశ్న. పర్వతానికి నాలుగు ద్వారాలు: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమర అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. మనది ఉత్తర ద్వారం, అచ్చంపేట దగ్గర. అక్కడి నుంచి అమ్రాబాదు గుట్టల మీదుగా పోయి, కృష్ణను పుట్టిలో దాటి, పాతాళగంగ మెట్లెక్కాలి. 1677లో గోల్కొండ తానీషాను కలిసిన శివాజీ హైదరాబాద్ నుంచే పర్వతం పోయాడు, అయితే ఆయన కృష్ణా తుంగభద్రల కూడలి వైపు చుట్టు తిరిగి పోయాడు. గుడి ఉత్తర గోపురాన్ని ఇప్పటికీ శివాజీ గోపురం అంటారు. దండు వెంట ఉన్నవాడికి నల్లమల గుట్టలు పనికిరావు. ఆ గుట్టలు మూటవాళ్ళవి.

మన వైపు దారిని మింగింది బస్సు. అలియాబాద్, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట, అక్కడి నుంచి కడ్తాల్, ఆమన్‌గల్, కల్వకుర్తి, డిండి, మన్ననూరు, దోమలపెంట. మా ఇంటి ముందు ఎక్కితే అయిదారు గంటల్లో గుడి ముందు దిగుతాం. కృష్ణ మీద డ్యాము 1981కి పూర్తయింది. విఠలాంబ వేయించిన వైపు మెట్లు కింది నుంచి నీళ్ళలోకి పోయాయి. పుట్టి పోయింది, పుట్టి నడిపేవాడూ పోయాడు. నిజం చెప్పాలంటే బస్సు వచ్చినందుకు మా అమ్మ చాలా సంతోషించింది. మోకాళ్ళు లేనిదానికి మల్లన్నను చూపించింది ఆ బస్సే. దాన్ని తిట్టే హక్కు నాకు లేదు.

నడక మిగిలింది సలేశ్వరానికి మాత్రమే. అక్కడికి బస్సు పోలేదు కనుక. ఫర్హాబాద్ గేటు దగ్గర లోపలికి మళ్ళి, బండ్లు ఆగిపోయే చోట దిగి, రాళ్ళలో నడుచుకుంటూ లోయలోకి దిగాలి. అడుగున జలపాతం, గుహలో లింగమయ్య, పూజారులు చెంచులు. పోయేటప్పుడు వస్తున్నామని, తిరిగొచ్చేటప్పుడు పోతున్నామని లింగమయ్యకు కేకేసి చెబుతారు జనం. పర్వత పదాల్లో మనవైపు మిగిలింది ఆ కేక ఒక్కటే కావచ్చు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఆ అడవి అమ్రాబాదు టైగర్ రిజర్వు అయింది. జాతరకు కొన్ని రోజులే తెరుస్తారు, ఈ మధ్య పొద్దుగూకితే బయటికి పంపేస్తున్నారు. పులికి కూడా ఇల్లుండాలి, కాదనను.

ఆ గుట్టల్లోనే 1940లో హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు చెంచుల మధ్య నెలల తరబడి ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చువేశాడు. 1942లో నిజాం సర్కారు సుమారు లక్ష ఎకరాలు చెంచులకని విడిగా పెట్టింది. ఆయన వర్ణించిన చెంచు ఇంట్లో సామాను నేను ఎన్నోసార్లు మనసులో సంచికెక్కించి చూసుకున్నాను. విల్లు, బాణాలు, ఇనుప మొన ఉన్న తవ్వుకోల, గొడ్డలి, బుట్టలు, నాలుగు కుండలు. వానకూ ఎండకూ చోటు మారేటప్పుడు సంసారమంతా ఎత్తుకు పోవాలి కదా. కుండలు తీసేస్తే పిల్లగాడి సంచికన్నా ఎక్కువ తూగదు.

పిల్లగాడి పని సాయంత్రానికి పూర్తి చేశాను. చిరిగినచోట లోపల రెండు పొరల కాన్వాసు వేసి, నవారు కొత్తది పెట్టి, చుట్టూ పెట్టెలాగా కుట్టి మధ్యన అడ్డంగా రెండు గీతలు లాగాను. ఇక అది చిరగాలంటే మనిషి ముందు చిరగాలి. నడుం పట్టీ మీది ప్లాస్టిక్ కవరు చింపేసి, వాడి తుంటి మీద బిగించి చూపించాను. "అరె కాకా, హల్కా అయింది!" అన్నాడు. డేరా, వానకోటు, పొయ్యి ఇంట్లో పెట్టి పోతానన్నాడు. పాటల డబ్బా సంగతి మాట్లాడలేదు.

సంచి నెత్తిన ఎత్తి పట్టుకునే పిడి కూడా పిగులుతోంది. పిడి లోపల గుండ్రంగా ఏదైనా పెట్టి కుడితే చేతికి కోసుకోదు. మామూలుగా ప్లాస్టిక్ గొట్టం పెడతాను. ఆ రోజు గొట్టం అయిపోయింది. మా నాయిన ట్రంకుపెట్టెలో నాయినమ్మ చేంతాడు ఉంది. బావులు పూడ్చేశాక దాంతో పని లేకపోతే, పదేళ్ళ కింద హోల్డాల్ పిడి కోసం రెండు మూరలు కోశాను, నా జోలె కోసం ఇంకో మూర. మిగిలినదాంట్లోంచి జానెడు కోసి పిడిలో పెట్టి కుట్టేశాను.

పట్టీకి ఎనభై రూపాయలు తీసుకున్నాను. పిడికి వేరే అడగలేదు.